బాలుర కథలు - పెద్దల నడవడి

ధ్రువుడు తపస్సునకు బయలుదేరునాటికి అయిదేండ్ల బాలుడు. ప్రహ్లాదుడు తల్లి గర్భమునందుండగనే నారదుని ఉపదేశమును వినెను. ధ్రువుని చెవిని పడినది సవతితల్లి సురుచి పలికిన పరుషవాక్యము. ప్రహ్లాదుని చెవిని పడినది మహర్షి పలికిన హితము. రెండును జీవితాంతము నిలిచినవి. పసితనమున విన్న మాట మంచిదైనను చెడ్డదైనను మఱపునకు రాదని భాగవతము ఈ రెండు చరితములచే తెలుపుచున్నది. కనుక అయిదేండ్లైనను నిండని శిశువునకు కథ చెప్పుట స్వల్పకార్యము కాదు.

పూర్వము ఈ పని అమ్మమ్మలది, నాయనమ్మలది. నేడు ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో శిశుతరగతుల ఉపాధ్యాయినులును, పల్లెలలో 1975లో ఆరంభమైన అంగన్‌వాడీల కార్యకర్తలును పసివారికి కథలు చెప్పుచున్నారు. అది శ్లాఘ్యమే. అయినను ఇంటిలోని పెద్దల బాధ్యత తీరిపోలేదు.

కథ బిడ్డ ఎఱిగిన చోటినుండి మొదలు కావలెను. కొల్లేటి లంకలలో పుట్టిన బిడ్డకు పెద్దచేప చిన్నచేపను మ్రింగునని వేఱుగా చెప్పనక్కఱలేదు. సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా ఒక చేపపిల్ల ఆయన దోసిటిలోనికి వచ్చెను. నీటిలో విడువబోగా, పెద్దచేపలు తినివేయునని మొఱపెట్టెను. రాజు దానిని కమండలువునందుంచెను. అది పెరిగెను. బాన చాలలేదు, చెఱువు చాలలేదు. "కొల్లేరు సరిపోతుందా?" అని బిడ్డ అడుగును. సరిపోదు, సముద్రమే కావలసివచ్చెను. ఆ చేప శ్రీమన్నారాయణుడే! ఇంతటితో కథ ఆపవలెను. "కనుక నీవును ఇట్లు నడువుము" అని వెంటనే బెత్తము చేతబట్టరాదు.

నీతి మరునాడు చెప్పవలెను. అదియు నోటితో కాదు. గాజుగ్లాసు పగులగొట్టి, భయముతో తాతగారి పంచె చాటున దాగిన బిడ్డయు శరణన్న చేపపిల్లయే. ఆయన బిడ్డను ముందుకు లాగి కొట్టించినచో సత్యవ్రతుని కథ అచ్చటనే అబద్ధమగును. దగ్గఱకు తీసికొని, పెంకులు తాను ఏఱి, పిమ్మట మెల్లగా తప్పు తెలియజెప్పినచో కథ నిజమగును.

ఈ సీమవారు చిన్నతిరుపతి యని కొలుచు ద్వారకాతిరుమలలో స్వామి పుట్టనుండి వెలసెనని స్థలపురాణము. మూలమూర్తి పైభాగము మాత్రమే భక్తులకు దర్శనమిచ్చును. అచ్చట స్వామికి అభిషేకము లేదు. ఒక్క నీటిబొట్టు పడినను అడుగుననున్న ఎఱ్ఱచీమలు కలతపడి వెలుపలికి వచ్చునని ప్రసిద్ధి. పసివారికి ఇంతకంటె తగిన కథ అరుదు. స్వామి చీమలకొఱకు స్నానము మానుకొనెనని వినిన బిడ్డ తప్పక ఆలోచించును.

ఆలోచించి ఒకనాడు అడుగును: "మఱి అమ్మ గడప దగ్గర చీమల మందు ఎందుకు చల్లింది?"

పెద్దలకు పరీక్ష ఇదియే. "పెద్దమాటలు నీకెందుకు?" అని కసరుట సులభము. కాని కసరిన క్షణముననే బిడ్డ మఱొక పాఠము నేర్చుకొనును: కథలు కోవెలకే గాని ఇంటికి కావని. ఆ పాఠము పిదప ఎన్ని పురాణములు చెప్పినను చెరగదు. కనుక తల్లి నిజము ఒప్పుకొనవలెను. "బెల్లం డబ్బాకు మూత పెట్టలేదమ్మా, అందుకే వచ్చాయి. తప్పు నాదే, వాటిది కాదు" అనిన చాలును. తల్లి తన తప్పును ఒప్పుకొనగా చూచిన బిడ్డ సత్యమును గూర్చి వేఱుగా కథ విననక్కఱలేదు.

మరునాటి ఉదయమున ముగ్గుపొడికి మాఱుగా బియ్యపుపిండితో వాకిట ముగ్గు పెట్టి, బిడ్డచేతను ఒక చుక్క పెట్టింపవలెను. పిండిముగ్గు చీమలకు ఆహారమగునని మన పూర్వుల భావన. చీమలు బారులు తీరి ఆ పిండిని మోసికొనిపోవుచుండ, బిడ్డ గడపమీద కూర్చుండి, కాలు క్రింద మోపక చూచుచుండును. భూతదయ యను మాట ఆ బిడ్డకు ఇంకను తెలియదు.

అట్టి గడపలను శ్రీనివాసుడు సదా కటాక్షించుగాక!