కొత్త కదా, సర్దుకుంటుంది

కారు గురించి నేను రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి. బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్ని. మొన్నమొన్నటి వరకూ నాకు కారంటే ముందు సీటు, వెనక సీటు, అందులో మర్చిపోయిన గొడుగు. అంతే.

ముందు చక్రాలకి బ్రేకు ప్యాడ్లు మార్పించి వారం తిరక్కుండానే మా కారు కీచుమనడం మొదలెట్టింది. బెంజి సర్కిల్ దగ్గర బ్రేకు వేస్తే చాలు, పక్క స్కూటర్లవాళ్ళు తల తిప్పి చూసేవారు. "కొత్తవి కదా, సర్దుకుంటాయి" అన్నారు మావారు. ప్యాడ్లు మార్చిన షాపతనూ ఫోన్లో అదే మాట అన్నాడు. మా వాచ్‌మన్ మాత్రం, "రెండు చుక్కలు నూనె వేస్తే పోదా అమ్మగారూ!" అన్నాడు. మా తలుపు బందులకి అతని వైద్యం అదే మరి.

మూడు వారాలు గడిచాయి. చప్పుడు తగ్గకపోగా, బ్రేకు తొక్కకపోయినా సన్నగా రాపిడి వినిపించసాగింది. ఆఖరికి ఆటోనగర్‌లో ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం.

కొత్త ప్యాడ్లు కొన్నాళ్ళు అరవడం నిజమేనట. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో ఉండగా బ్రేకు తొక్కి, పూర్తిగా ఆగకుండానే వదిలి, కాస్త చల్లారనిచ్చి మళ్ళీ తొక్కి, ఇలా ఓ పదిసార్లు చేస్తే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి ఒదుగుతాయట. ఆ చప్పుడు రోజురోజుకీ తగ్గాలి. తగ్గకపోతే చక్రం విప్పి చూడాల్సిందే. చాలా కార్లలో ప్యాడ్ అరిగిపోయే వేళకి డిస్కుని గీరుకుని కీచుమనేలా ఓ చిన్న ఇనప రేకు పెడతారట. ఫిర్యాదు చెయ్యడానికే పుట్టిన రేకన్నమాట! నాకు దాని మీద వల్లమాలిన గౌరవం కలిగింది. నూనె సంగతి అడిగితే ఆయన చేతిలో పానా కింద పెట్టేసి, "నూనె పడితే చప్పుడాగుద్దమ్మా. బండి ఆగదు" అన్నాడు.

చక్రం విప్పాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ ఇటూ అటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి. వాటిలో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ప్యాడ్లు మార్చినవాళ్ళు దాన్ని తీసి చూడనే లేదు. దాంతో బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని వదలడం లేదు. మూడు వారాల ప్యాడ్ ఒక పక్కకి ఏటవాలుగా అరిగిపోయింది. ముట్టుకోబోతే "కాలుద్దమ్మా" అని ఆపాడు.

"సర్దుకుంటాయన్నారండీ" అన్నాను, ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు.

"చూసి చెప్పాలి గదమ్మా ఆ మాట" అన్నాడాయన, కొత్త పిన్ను కోసం వెతుకుతూ.

అక్కడ స్టూలు మీద కూర్చుని ఉండగా మా చెల్లెలి కూతురు గుర్తొచ్చింది. పెళ్ళయి ఆర్నెల్లు. ఉగాదికి వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన నిలబడి, "పెద్దమ్మా, ఆ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదు" అంది. నేను పచ్చడికి చింతపండు పిసుకుతూనే, "కొత్త కదా, సర్దుకుంటుందిలే" అన్నాను. మా అమ్మ నాకు చెప్పిన మాటే అది, అమ్మకి అమ్మమ్మ చెప్పిన మాటే. నిజానికి చాలావరకు సర్దుకుంటాయి కూడా. మా అత్తగారి సాంబారులో బెల్లం, మావారి గురక, అన్నిటికీ నేను ఒదిగినదాన్నే. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నోటికొస్తుందేమో! కానీ ఆ పిల్లని నేను ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. ఎప్పుడు ఊపిరాడదు, ఎవరి ముందు, తగ్గుతోందా, పెరుగుతోందా? ఓదార్చాననే అనుకున్నాను. నేను వేసిందీ వాచ్‌మన్ నూనే.

ఆ తర్వాత అది మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సర్దుకుందని మేమందరం సంతోషించాం కూడా.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. "ఏం లేదు పెద్దమ్మా, బాగానే ఉన్నా" అంది, మరీ త్వరగా. ఆదివారం ఏలూరు వస్తున్నామన్నాను. మామిడికాయలు తెస్తున్నానన్నాను, ఏదో ఒక వంక ఉండాలిగా. అవతల కాసేపు మాట లేదు.

"పెదనాన్నని హాల్లో కూర్చోబెట్టి, నువ్వొక్కదానివే నా గదిలోకి రా పెద్దమ్మా" అంది.