అప్పున్న ఇంట్లో ముందు ఎవరి వాటా తగ్గాలి?

అప్పుల్లో ఉన్నవాళ్ళు వ్రతం చేసుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను తెనాలిలో పౌరోహిత్యం చేసుకుని బతుకుతున్నవాణ్ణి. మా నాన్నగారూ అదే చేశారు. ఆయన దగ్గరికి ముహూర్తం కోసం వచ్చేవారు. నా దగ్గరికీ అందుకే వస్తారు కానీ, సామాన్ల జాబితా రాసి చేతిలో పెట్టగానే గొంతు తగ్గించి, "పంతులుగారూ, ఆవిడ నగలు బ్యాంకులో ఉన్నాయి. ఈ ఏడు వ్రతం మానేస్తే ఇంటికేమైనా అరిష్టమా?" అంటారు. అరిష్టమేమీ లేదు నాయనా, పో అని చెప్పి పంపడం తేలికే. కానీ ఆ ప్రశ్న అడుగున ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. అప్పు తీరాలంటే ఇంట్లో ఖర్చు తగ్గాలి. ఖర్చు తగ్గాలంటే ఎవరిదో ఒకరి వాటా తగ్గాలి. దేవుడిదా, పితృదేవతలదా, ఇల్లాలిదా, పిల్లలదా, యజమానిదా? ధర్మం ఈ వరసలో ముందు ఎవర్ని నిలబెడుతుంది?

మా ఇంట్లో ఈ ప్రశ్న రోజూ పద్దుపుస్తకం ముందు పెట్టుకుని తేల్చుకోవలసి వచ్చింది. మా అమ్మకి గుండె ఆపరేషన్ గుంటూరులో చేయించాం. అందుకు మూడుచోట్ల అప్పు చేశాను. మా ఆవిడ చంద్రహారం బ్యాంకులో కుదువపెట్టి లక్షన్నర, బావమరిది దగ్గర చేబదులు లక్ష, ఊళ్ళో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర ప్రోనోటు మీద 3 లక్షలు. మిల్లువారిది నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 6,000, ఏడాదికి 72,000. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మా వృత్తిలో రాబడి పడిపోతుంది. వడ్డీ ఆ నెలల్లోనూ ఆరువేలే.

కౌటిల్యుడు నూరు పణాలకి నెలకి ఒకటింబావు పణం ధర్మమైన వడ్డీ అన్నాడు. ఏడాదికి 15 శాతం అన్నమాట. వ్యాపారం చేసేవాళ్ళకి 5 పణాలు, అడవిదారుల్లో తిరిగేవాళ్ళకి 10, సముద్రం మీద వెళ్ళేవాళ్ళకి 20 దాకా ఒప్పుకున్నాడు. నా అప్పు 24 శాతం దగ్గర ఉంది. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలుని మించకూడదని మనుస్మృతి హద్దు గీసింది. నా లెక్కన 50 నెలలకి వడ్డీ అసలంత అవుతుంది. మిల్లువారిని నేను తప్పు పట్టను. రాత్రిపూట కబురు పెడితే తెల్లవారేసరికి డబ్బు తెచ్చి ఇచ్చిన మనిషి. కానీ ఈ లెక్క కాగితం మీద వేశాకే ఏ అప్పు ముందు తీర్చాలో తెలిసింది. బావమరిదికి "నీది చివర్న ఇస్తానురా" అని చెప్పడానికి మొహం చెల్లలేదు. అయినా చెప్పాను.

ముందు దేవుడి వాటా సంగతి చూద్దాం. తెలుగువాళ్ళం నిత్యం తలుచుకునే ఇద్దరు దేవుళ్ళ కథల్లోనూ అప్పు ఉంది. తిరుమల వేంకటేశ్వరుడు పద్మావతీదేవితో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నాడనీ, కలియుగాంతం దాకా వడ్డీ కడుతూ ఉంటాడనీ చెప్పుకుంటాం. అంతటి స్వామే అప్పు చేసి పెళ్ళి చేసుకున్నాడు, మనమెంత అని కల్యాణమండపాల్లో ఈ కథనే చూపించి ఖర్చుని సమర్థించుకుంటారు. నాకు ఆ కథలో కనపడేది స్వామి వడ్డీ ఆపకపోవడం. లోకాలన్నిటికీ యజమాని అయివుండి, నేను దేవుణ్ణి కాబట్టి నా బాకీ వదిలెయ్యమని కుబేరుడితో అనలేదు.

భద్రాచలం కథ ఇంకా సూటిగా ఉంటుంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు. తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేయించాడు. చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకి ఆరు లక్షలు చెల్లించి, రసీదు పుచ్చుకుని వెళ్ళారని మన పెద్దలు చెప్పారు. ఆ రసీదు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. సొమ్ము ఖర్చయింది రాముడి గుడికి, రాముడి నగలకి. అయినా రాముడు అది నాకోసమే కదా అని బాకీ కొట్టెయ్యలేదు. మొత్తం లెక్కకట్టి ఇచ్చాడు. దేవుడి పేరున పెట్టినంత మాత్రాన మనిషికి ఇవ్వాల్సింది పోదని రాముడే చేసి చూపించిన కథ అది. అందుకే అప్పున్న ఇంట్లో మొదటి కోత దేవుడి ఖర్చులోనే పెట్టాలంటాను. పౌరోహిత్యం మీద బతికేవాణ్ణి నేను ఈ మాట అంటే నా సంభావన తగ్గుతుంది. తగ్గనీ.

మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి వీధిలో ముత్తైదువులందర్నీ పిలిచి జాకెట్ ముక్కా, స్టీలు గిన్నే పెట్టేవాళ్ళం. ఇప్పుడు పసుపుకుంకాలు, తాంబూలం, నానబెట్టిన శనగలు. అమ్మవారికి కొత్త పట్టుచీర కొనడం మానేసి, మా ఆవిడ పెళ్ళినాటి చీరే కడుతున్నాం. తిరుమల మొక్కు డబ్బు పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఉంది. అప్పు తీరాక కొండెక్కుతాం.

పితృదేవతల సంగతి దీనికంటే బరువు. తద్దినం తగ్గించాలంటే ఎంత చదువుకున్నవాడికైనా గుండె జంకుతుంది. పోయినవాళ్ళు ఆకలితో ఉంటారేమోనన్న బెంగ అది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ శాస్త్రం ఈ బెంగని ఎప్పుడో చూసింది. భోక్తలకి వండి పెట్టలేనివాడు బియ్యం, పప్పు, కూరలు స్వయంపాకంగా ఇచ్చి ఆమశ్రాద్ధం పెట్టవచ్చు. అదీ కుదరకపోతే దక్షిణతో హిరణ్యశ్రాద్ధం. విష్ణుపురాణంలో ఔర్వుడు సగరచక్రవర్తికి చెప్పింది ఇంకా దూరం వెళుతుంది. ఏమీ లేనివాడు ఆవుకి గడ్డి వేస్తే చాలట. అదీ లేకపోతే అడవికి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, భక్తి తప్ప ఇవ్వగలిగింది లేదు, దీనితోనే తృప్తి పడండి అని పితరులకి చెప్పుకుంటే శ్రాద్ధం పెట్టినట్టేనట. నాకు తెలిసి ఇంతకంటే దయగల మాట మన కర్మకాండలో మరొకటి లేదు. మా నాన్నగారి ఆబ్దికం ఇప్పుడు ఆమశ్రాద్ధంగానే పెడుతున్నాను. ఆయన బతికున్నప్పుడు ఎవరి దగ్గరా అర్ధరూపాయి బాకీ ఉంచుకునేవారు కాదు. నేను మిల్లువారికి నెలనెలా ఇచ్చేది చూస్తే ఆయనకి తృప్తిగానే ఉంటుందని నా నమ్మకం.

దేవుడూ, పితృదేవతలూ సర్దుకుంటారు. ఇంట్లో మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ కష్టమవుతుంది. కాఫీపొడి మార్చాం. పాల ప్యాకెట్లు రెండు తగ్గించాం. కూరలు సాయంత్రం బజారు ముగిసేవేళ కొంటున్నాం. ఈ తగ్గింపులన్నీ పుస్తకంలో కనపడేవి. పుస్తకంలో కనపడని తగ్గింపు ఒకటి మా ఇంట్లో జరిగింది. మందుల డబ్బా సర్దుతూ మా ఆవిడ, "ఏవండీ, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఇన్ని మిగిలాయేమిటి?" అంది. మా అమ్మ రోజు విడిచి రోజు వేసుకుంటోంది. అడిగితే, "బాగానే ఉందిలేరా, రోజూ ఎందుకు?" అంది. ఎవర్ని బతికించుకోవడానికి ఆ అప్పు చేశామో ఆ మనిషే అప్పు తీర్చడానికి తన ప్రాణంలోంచి కోత పెట్టుకుంటోంది. అదే వారం గమనిస్తే, మా ఆవిడ మా అందరికీ వడ్డించాక తనకి పెరుగు ఉంచుకోకుండా మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. ఇద్దరిలో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చాలా ఇళ్ళల్లో పొదుపు ఇలాగే మొదలవుతుంది. అడగని మనిషి కంచంలోంచి.

తెనాలి నాటకాల ఊరు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'సత్యహరిశ్చంద్రీయం' ఇక్కడ చూడనివాళ్ళు నా వయసువాళ్ళలో అరుదు. వారణాసి సీను వచ్చేసరికి పందిరంతా కళ్ళు తుడుచుకునేది. నేనూ తుడుచుకునేవాణ్ణి. అయినా ఆ వరస నాకు మింగుడుపడదు. విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి మొదట అమ్ముడుపోయింది చంద్రమతి, ఆమెతో లోహితుడు. హరిశ్చంద్రుడు తనని తాను అమ్ముకున్నది ఆ తరవాత. మార్కండేయపురాణంలో నన్ను అమ్మండి అని ఆవిడే అంటుంది. మా అమ్మా, మా ఆవిడా చేసింది అదే. ఆవిడే అంది కాబట్టి తప్పు లేదనే సమాధానం నాకు చాలదు. సత్యం కోసం ఆయన ఒప్పుకున్న బాకీకి మొదటి ధర ఆయనే అయివుండాలి. హరిశ్చంద్రుడి గొప్పతనం ఇందువల్ల తగ్గదు. కానీ ఆయన్ని ఆదర్శంగా తీసుకునేవాడు ఆ వరసని మాత్రం తిరగేసుకోవాలి.

మనుస్మృతిలోనే ఒకచోట, తనవాళ్ళు కష్టంలో ఉండగా పైవాళ్ళకి దానం చేసేవాడిది ధర్మం కాదు, ధర్మం వేషం వేసుకున్నది అని ఉంది. మొదట తేనెలా ఉండి తరవాత విషమవుతుందట. దానానికే ఆ మాట వర్తిస్తే, పైవాళ్ళ ముందు పరువు కోసం పెట్టే ఖర్చుకి ఎంత వర్తించాలి! అందుకని మా ఇంట్లో నియమం మార్చాం. అమ్మ మందులు, పిల్లవాడి ఫీజు, ఇంట్లో అందరి పెరుగన్నం ముట్టుకోకూడదు. తగ్గేది నాతోనే మొదలవ్వాలి. జరీపంచెలు మానేశాను. చుట్టుపక్కల గ్రామాలకి బండి మీద కాక బస్సులో వెళుతున్నాను. ఏటా కార్తీకంలో శ్రీశైలం వెళ్ళే అలవాటు ఆపాను. పొద్దున టిఫిను బయట తినడం లేదు. నాలుగూ కలిపితే నెలకి రమారమి 4,000 మిగిలాయి. వడ్డీలో మూడింట రెండు వంతులు నా ఒక్కడి సౌఖ్యాల్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

పనమ్మాయి విషయంలో ఇంట్లో చాలా రోజులు మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయిని మాన్పిస్తే 1,500 మిగులుతాయి. కానీ తనకీ డ్వాక్రా గ్రూపులో వాయిదా ఉంది. నా అప్పు తీర్చడానికి ఇంకొకరిని అప్పులోకి నెట్టడం ధర్మమెలా అవుతుంది? చివరికి మా ఆవిడే రెండు వీధుల అవతల ఒక ఇల్లు చూసిపెట్టి, అక్కడ కుదిరాకే మా ఇంట్లో మాన్పించింది. అక్కడ కుదిరేదాకా ఇచ్చిన రెండు నెలల జీతం మాకు భారమే. ఆ భారం మాదే కావాలి.

ఇంకొక సంగతి. ప్రోనోటుకి మూడేళ్ళు దగ్గరపడుతున్నాయని తెలిసిన ఒక ప్లీడరుగారు, "మిల్లువాళ్ళు తిరగరాయించుకోలేదుగా, ఇంకొన్నాళ్ళు మాట్లాడక ఊరుకోండి, కాలదోషం పడుతుంది" అన్నారు. చట్టం ప్రకారం ఆయన చెప్పింది నిజమే. చట్టం ఇంకో పెద్ద మార్పు కూడా చేసింది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యకర్తవ్యమని మన ధర్మశాస్త్రాలు చెప్పినదాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ పక్కన పెట్టింది. ఆ తరవాత తండ్రి చేసిన అప్పు కోసం, కొడుకన్న ఒక్క కారణం చూపి, కోర్టులో కొడుకు మీదకి రావడానికి లేదు. అమాయకపు పిల్లల నెత్తిన తండ్రుల అప్పులు పడకుండా చేసిన ఆ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. కానీ కోర్టు అడగకపోవడం వేరు, నేను తీసుకున్నది తీసుకోలేదని అయిపోవడం వేరు. మిల్లువారి ఇంటికి వెళ్ళి 20,000 ఇచ్చి, ప్రోనోటు వెనకాల చెల్లు వేసి సంతకం పెట్టి వచ్చాను. ఆ చెల్లుతో నోటుకి మళ్ళీ మూడేళ్ళ ప్రాణం వచ్చింది.

ఈ విషయంలో మతాలన్నీ ఒకేచోటికి వస్తున్నాయనిపిస్తుంది. మాకు దగ్గర్లోనే భట్టిప్రోలు స్తూపం ఉంది. బౌద్ధసంఘంలో భిక్షువుగా చేరేవాణ్ణి అడిగే ప్రశ్నల్లో నీకు అప్పులున్నాయా అన్నది ఒకటి. అప్పున్నవాడికి సన్యాసం లేదు. ఇల్లూ వాకిలీ వదలడానికి సిద్ధపడినవాడు కూడా ముందు బాకీ తీర్చుకుని రావాలి. మా వీధిలో బట్టలు కుట్టే పెద్దాయన హజ్ యాత్ర కోసం డబ్బు కూడబెట్టి, ముందు అప్పులు తీర్చుకోమని వాళ్ళ పెద్దలు చెప్పగా, ఆ డబ్బు అప్పులవాళ్ళకి ఇచ్చేశాడు. ఇక మన భారతంలో అరణ్యపర్వం చివర యక్షుడు, సంతోషంగా ఉన్నవాడెవడని ధర్మరాజుని అడుగుతాడు. అప్పులేనివాడు, పరాయి ఊళ్ళో లేనివాడు, పొద్దుపోయాకైనా తన ఇంట్లో కూరాకు వండుకు తినేవాడు అని జవాబు. రాజ్యం పోగొట్టుకుని పన్నెండేళ్ళు అడవుల్లో తిరిగినవాడు చెప్పిన జవాబు అది. పేదవాడికి ఇచ్చిన ఊరట మాట అనుకుని మనం దాన్ని దాటిపోతుంటాం. ధర్మరాజు రాజ్యాన్ని, సంపదని ఎరిగినవాడు. ఎరిగీ ఆ కూరాకునే ఎంచుకున్నాడు.

మిల్లువారి అసలు ఇప్పటికి సగం పైచిలుకు తీరింది. హారం ఇంకా బ్యాంకులోనే ఉంది.

మీ ఇంట్లో అప్పుంటే మీ పురోహితుడికి ముందే చెప్పండి, సిగ్గుపడవద్దు. సామాన్ల జాబితా సగం చేయమని అడగండి. చేయనంటే నా దగ్గరికి రండి, పత్రీ, పువ్వూ, గ్లాసెడు పాలతో వ్రతం చేయిస్తాను. ఈ రాత్రి మాత్రం భోజనాల దగ్గర ఒక్క పని చేయండి. మీ ఇంట్లో చివరికి తినేవాళ్ళెవరో చూసి, వాళ్ళ కంచంలో ఏముందో చూడండి.