సంగమ స్నానం – ఐదు మట్టిముద్దలు

పుణ్యనదిలో స్నానం చేసినవాడు పవిత్రుడవుతాడని శాస్త్రం చెబుతున్నది. ఆ నది నీరే మలినమైనప్పుడు స్నానం చేసేవానికి కలిగే ఫలమేమిటి? ఆ మాలిన్యంలో అతని పాలు కూడా ఉన్నప్పుడు ఆ ఫలం మాట ఏమిటి? ఇది కేవలం పండితసభలలో వాదించుకొనే ప్రశ్న కాదు. కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లిలో రేవుమెట్లు దిగే ప్రతి యాత్రికుని ముందూ ఈ ప్రశ్న నిలిచే ఉన్నది.

చిట్యాల నుండి వాడపల్లికి దారి సుగమమైనది. హైదరాబాదు నుండి బెజవాడకు పోయే రాజమార్గంలో నార్కట్‌పల్లి దాకా వెళ్ళి, అక్కడ దక్షిణానికి తిరిగితే నల్లగొండ, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా రెండు మూడు గంటల ప్రయాణం. చిట్యాల ప్రాంతం మెట్టసీమ. నల్లని బండరాళ్ళ గుట్టలు, తాటిచెట్లు, బత్తాయి తోటలు కనుపండువుగా ఉంటాయి. అయితే ఆ అందానికి అడుగున ఒక దుఃఖం ఉన్నది. భూగర్భజలంలోని ఫ్లోరైడు ఈ జిల్లాలో తరతరాలుగా ఎందరి ఎముకలనో వంచివేసింది. బావినీరే విషమైనచోట బ్రతికినవారికి నదీజలం విలువ ఏమిటో వేరొకరు చెప్పనక్కరలేదు.

నల్లగొండను ఆనుకొనియున్న పానగల్లు ఒకనాడు కందూరు చోడుల రాజధాని. ఛాయాసోమేశ్వరాలయ గర్భగృహంలో పగలంతా కదలక నిలిచే స్తంభచ్ఛాయను చూడటానికి దూరదేశాల నుండి వస్తారు. వచ్చినవారిలో ప్రక్కనే ఉన్న ఉదయసముద్రం కట్టమీద ఒక గడియ నిలిచేవారు తక్కువ. ఆలయం కట్టించిన ప్రభువులు చెరువు కూడా త్రవ్వించారు. వారి దృష్టిలో ఇవి రెండు పనులు కావు, ఒకటే ధర్మం. మిర్యాలగూడ సమీపించేసరికి దృశ్యం మారిపోతుంది. సాగరు ఎడమకాలువ నీటితో పచ్చని వరిచేలు, బియ్యపు మిల్లులు కనిపిస్తాయి. మెట్టసీమను నది ఎట్లా మాగాణిగా మార్చివేసిందో ఆ కొద్ది దూరంలోనే తెలుస్తుంది.

వాహనమెక్కి చేసిన యాత్రకు ఫలం తక్కువని నిబంధనకారులు కొందరు వ్రాశారు. వృద్ధుల విషయంలో, రోగుల విషయంలో ఆ పట్టింపు అక్కరలేదని నా అభిప్రాయం. అయితే ఒక మాట. కాలినడకన వెళ్ళిన పూర్వులు దారిలో ఏ వాగు తగిలితే ఆ వాగు నీరే దోసిలితో త్రాగారు. త్రాగవలసిన నీటిలో ఎవడూ ఉమ్మివేయడు. నేటి యాత్రికుని నీరు కారులో సీసాలో వస్తున్నది. నదితో అతనికి మిగిలిన సంబంధం స్నానమొక్కటే.

వాడపల్లిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి, శ్రీ మీనాక్షీ అగస్త్యేశ్వరులు ఒకే క్షేత్రంలో వెలసియున్నారు. రెంటికీ అగస్త్యమహర్షి పేరే చెబుతుంది స్థలపురాణం. నరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖమండలానికి సమీపంలో ఉన్న దీపశిఖ నిరంతరం చలిస్తూ ఉంటుంది. క్రిందనున్నది నిశ్చలంగా ఉంటుంది. పై దీపాన్ని కదిలించేవి స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసలేనని భక్తుల విశ్వాసం. ఊపిరి తీసే దేవుడు కొలువైన గుడి అది. ఆ గుడికి అల్లంత దూరాననే నదులు రెండూ కలుస్తాయి.

మూసీకి ముచుకుందానది అని పాతపేరు. కాలయవనుని దృష్టిమాత్రాన భస్మం చేసి, శ్రీకృష్ణుని ప్రత్యక్షంగా దర్శించిన ముచుకుందుని కథ భాగవత దశమస్కంధంలో ఉన్నది. వికారాబాదు దగ్గర అనంతగిరిపై అనంతపద్మనాభస్వామి సన్నిధిలో పుట్టిన ఈ నది, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నరసింహుని సన్నిధిలో కృష్ణలో లీనమవుతుంది. ఆదిలో విష్ణువు, అంతంలో విష్ణువు. నడుమ ఉన్నది 1591లో నిర్మితమైన హైదరాబాదు మహానగరం. 1908 వరదలో ఆ నగరాన్ని ముంచివేసిన నది ఇదే. ఆ తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి దాని ఉద్ధృతిని అణచారు. ఇప్పుడు నగరం దాటే మూసీలో పారేది చాలా భాగం నగరం విడిచిన మురుగునీరే.

ఇందులో మరొక విచిత్రం ఉన్నది. 2004 నుండి హైదరాబాదుకు నాగార్జునసాగరం నీటిని అక్కంపల్లి జలాశయం, కోదండాపూర్ మీదుగా గొట్టాలలో ఎక్కిస్తున్నారు. నగరవాసి త్రాగుతున్నది, స్నానమాడుతున్నది కొంతవరకు కృష్ణాజలమే. వాడిన ఆ నీరు మూసీలో పడి, మళ్ళీ వాడపల్లిలో కృష్ణను చేరుతుంది. కృష్ణ తన నీటిని తాను తిరిగి పుచ్చుకుంటున్నది. కానీ ఇచ్చినట్టుగా కాదు. 2016 ఆగస్టులో పుష్కరాలకు నగరం నుండి వచ్చి ఇక్కడ మునిగిన గృహస్థు ఒక విధంగా తన ఇంటి నీటిలోనే మునిగాడు.

“నది దేవత, ఆమెకు మాలిన్యం అంటదు, శ్రద్ధ ఉంటే చాలు” అని భక్తులు కొందరు అంటారు. ఈ మాటను తోసివేయలేము. పాపాన్ని కడిగేది జలాభిమాని దేవత, ఆమె నిత్యశుద్ధ. కానీ అర్చామూర్తి విషయంలో మనమేమి చేస్తున్నాము? స్వామి నిత్యశుద్ధుడని తెలిసి కూడా ప్రతిదినం తిరుమంజనం చేస్తాము, గర్భాలయం తుడుస్తాము, అశుచి తగిలితే సంప్రోక్షణ జరుపుతాము. స్వామికి మురికి అంటదు కనుక గుడి ఊడ్వనక్కరలేదని ఏ అర్చకుడైనా అంటాడా? దేవత శుద్ధి వేరు, ఆమె శరీరం పట్ల మన కైంకర్యం వేరు.

మనుస్మృతి నాలుగవ అధ్యాయం నీటిలో మలమూత్రాలు, ఉమ్మి, రక్తం, విషం వేయరాదని నిషేధించింది. చేతితో వేయరాదు, గొట్టంతో వేయవచ్చునని అందులో లేదు. “కాలువ ఏర్పాటు చేసింది నేను కాదు గదా” అన్న సమాధానం సగమే నిజం. ఆ కాలువలోకి పోయే నీరు నా గుమ్మం దాటే పోతున్నది.

అదే స్మృతి ఐదవ అధ్యాయంలో నది తన వేగం చేత శుద్ధమవుతుందని చెప్పింది. ఈ వాక్యాన్ని చాలామంది అభయంగా భావిస్తారు. ఇందులో హేతువు వేగం. పైన సాగరం, దిగువన 2013లో పూర్తయిన పులిచింతల జలాశయం, వాటి నడుమ నది నిలిచి నడుస్తున్నది. హేతువు సన్నగిల్లినచోట ఫలాన్ని ఎట్లా నిశ్చయంగా చెప్పగలం?

యాజ్ఞవల్క్యస్మృతిలో ఒక చిన్న నియమం ఉన్నది. ఇతరులకు చెందిన జలాశయంలో స్నానం చేసేవాడు ముందుగా దానినుండి ఐదు మట్టిముద్దలు తీసి వెలుపల వేయాలి. అటుపిమ్మటనే మునగాలి. పాఠశాలలో ఈ శ్లోకం వచ్చినప్పుడు మేము నవ్వాము. గురువుగారు నవ్వలేదు. “వందమంది మునిగితే ఐదువందల ముద్దల పూడిక తీసినట్టు కాదుట్రా?” అన్నారు. స్నానం చేసేవాడు నీటికి ఋణపడి దిగుతున్నాడు. ఆ ఋణం ముందే కొంత తీర్చమని ఋషి ఆదేశం. నదులకు ఈ నియమం చెప్పలేదు. నది ఎవరి సొత్తూ కాదు, ఎవరూ త్రవ్వినది కాదు, తనను తాను కడుగుకోగలది. నేడు మనం నదికి అడ్డుకట్టలు కట్టి, గొట్టాలు వేసి, పంచుకొని, దానిని మనుష్యుల చెరువుగా చేసుకున్నాము. చెరువుకు చెప్పిన నియమం ఇకమీద నదికి కూడా వర్తిస్తుందని చెప్పడానికి నేను సంకోచించను.

వాడపల్లి రేవులో మట్టిముద్దలు తీయనక్కరలేదు. విడిచిన బట్టలు, పసుపుకుంకాల ప్లాస్టిక్ సంచులు, దీపాల కాగితపు దొన్నెలు ఐదు పైకి తీసి గట్టున వేస్తే సరిపోతుంది. ఎవరు వదిలినవని విచారించవద్దు. ముద్ద తీసేవాడు మట్టి ఎవరిదని అడగడు. కృష్ణాతీరంలోనే మరొక నరసింహక్షేత్రమైన మట్టపల్లికి వెళ్ళేవారికి కూడా ఇదే నా మనవి. ఇంటివద్ద వాడుకనీటి సంగతి ఇంతకంటె కఠినమైనది, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అయినా పుష్కరానికి కావలసిన రేవులు అడిగి కట్టించుకున్న గ్రామాలు, పట్టణాలు, మురుగును శుద్ధిచేసే యంత్రాలు కూడా అంత పట్టుదలతో అడగవచ్చును. 2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి.

ఆ నీటిలో మునగటానికి మనస్సొప్పనివారూ ఉంటారు. వారిని అశ్రద్ధాళువులనరాదు. స్మృతులు స్నానాన్ని ఏడు విధాలుగా చెప్పాయి: మంత్రంతో, మట్టితో, భస్మంతో, గోధూళితో, నీటితో, మనస్సులో విష్ణుధ్యానంతో చేసేవి ఆరు. ఏడవది దివ్యస్నానం, అంటే ఎండ కాస్తుండగా కురిసే వానలో తడవటం. చిట్యాల మెట్టమీద ఆషాఢంలో అటువంటి వాన పడితే, కారు ప్రక్కకు ఆపి దిగండి.