ఊపిరికి కావలివారెవరు?



గాలికి వెల లేదు. కూలివానికిని ఆసామికిని అది ఒకే విధముగా దొరకుచున్నది. మట్టితో చేయబడిన మనుష్యునికి ఊపిరి ఊదినవాడు దేవుడేయని ఆదికాండములో చదువుకొనుచున్నాము గనుక, ఊపిరి వరమేగాని సరుకు కాదని మన నమ్మకము. అయినను ఊపిరాడని రోగిని ఆస్పత్రికి తీసికొనిపోయినప్పుడు ప్రాణవాయువును డబ్బిచ్చి కొనవలసి వచ్చుట కలదు. ఒక్కొక్కప్పుడు డబ్బిచ్చినను దొరకదు. రోగి చనిపోయినచో కొందరు “దేవుని చిత్తము” అని ఊరకుందురు. కొందరు “ఆస్పత్రివారి తప్పు” అని కోపపడుదురు. ఈ రెండు మాటలతో మన బాధ్యత తీరిపోవునా?

మొదట ఈ వాయువు సంగతి కొంత తెలిసికొందము. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు మాత్రమే. స్వీడను దేశస్థుడైన షీలే దానిని ముందుగా కనుగొనెను గాని అతని గ్రంథము ఆలస్యముగా అచ్చయ్యెను. ఇంగ్లండులో 1774లో దానిని వేరుచేసి లోకమునకు తెలిపినవాడు జోసెఫ్ ప్రీస్ట్లీ. ఇతడు సంఘములలో బోధకుడుగా పనిచేసినవాడు. తానే ఆ వాయువును పీల్చి చూచి, రొమ్ము తేలికయైనట్లు తోచెననియు, రోగులకు మందుగా పనికిరావచ్చుననియు వ్రాసెను. అయితే దానిని సరిగా కొలిచి రోగికి అందించు పద్ధతిని జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు వివరించినది 1917లో, మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువు సోకిన సైనికుల చికిత్స సందర్భములో. కనుగొనుటకును, కొలిచి అందించుటకును నడుమ 140 ఏండ్లకు పైగా గడచెను. వరము ఒకటి, దానిని అక్కరగలవాని ముక్కువరకు చేర్చుట వేరొకటి. మొదటిది దేవుడు ఉచితముగా ఇచ్చెను. రెండవదానిని మనుష్యుల చేతులకు అప్పగించెను.

ఆ చేతులు ఎంత మెలకువగా ఉండవలెనో ఒక లెక్క చూడుడి. ఆస్పత్రులలో వాడు బి-రకపు సిలిండరులో సుమారు 1500 లీటర్ల వాయువు పట్టును. రోగికి నిమిషమునకు 5 లీటర్ల చొప్పున ఇచ్చినచో అది 5 గంటలు వచ్చును. రాత్రి పది గంటలకు తగిలించిన సిలిండరు తెల్లవారుజామున మూడు గంటలకు ఖాళీయగును. ఆ వేళ ఎవరో ఒకరు మేలుకొని, మీటరు ముల్లు చూచి, రెండవ సిలిండరు సిద్ధముగా ఉంచవలెను. కాన్సంట్రేటరు అను యంత్రమునకు సిలిండరు అక్కరలేదు. అది గదిలోని గాలినే లాగుకొని, జియోలైటు గుళికలచేత నత్రజనిని ఆపి, ప్రాణవాయువును చిక్కగా చేసి ఇచ్చును. అయితే దానికి కరెంటు కావలెను. ఫిల్టరులో దుమ్ము పేరుకొనినచో దాని శక్తి తగ్గును.

2021 ఏప్రిల్ 22న విశాఖపట్నపు ఉక్కు కర్మాగారమునుండి 7 ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరెను. ఉక్కు చేయుటకు వాడు వాయువు ఊపిరి నిలుపుటకు పోవుట మన ప్రాంతమునకు గౌరవమే. అదే సంవత్సరము మే 10 రాత్రి తిరుపతిలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ట్యాంకరు రాక ఆలస్యమై, వాయువు ఒత్తిడి కొద్ది నిమిషములు తగ్గగా, 11 మంది మరణించిరని అధికారులు ప్రకటించిరి. రాష్ట్రములు దాటి పోయిన సహాయము గొప్పదే. అయినను ఊపిరాడని రోగికి ప్రతి నిమిషము లెక్కయే.

పదిమంది కన్యకల ఉపమానము మనకందరికి తెలిసినదే. బుద్ధిలేని అయిదుగురు దొంగలు కారు, హంతకులు కారు. నూనె తెచ్చుకొనలేదు, అంతే. అర్ధరాత్రివేళ అప్పు అడిగిరి, దొరకలేదు. కొన్ని మేలులు ముందుగా సిద్ధపరచకపోయినచో ఆ గడియలో ఎంత ప్రేమ ఉన్నను ఇచ్చుటకు వీలుపడదు. ఖాళీ సిలిండరు అట్టి దీపమే. నిర్లక్ష్యమును దేవుని చిత్తమని పిలుచుట దేవునిమీద నింద వేయుటయే.

“మేము చదువురానివారము, ఇది డాక్టర్ల పని, సర్కారు పని” అని ఒకరు అడుగవచ్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఎంత ఇవ్వవలెనో వైద్యుడే చెప్పవలెను. ప్రాణవాయువు మితిమీరినచో కీడు చేయును. నెలలు నిండక పుట్టిన పసిబిడ్డలకు 1940లలో దానిని విస్తారముగా ఇయ్యగా అనేకులు చూపు పోగొట్టుకొనిరి. దానికి కారణము అధిక ప్రాణవాయువేయని 1954 నాటికి రుజువాయెను. కొలత వైద్యునిది. కావలి మాత్రము మనది కూడ.

కావలి అనగా ఏమి? “ఆక్సిజన్ పెట్టిరంటే ఇక ఆశ లేదు” అను మాట మన ఊళ్లలో మానవలెను. ఆ భయముచేత రోగిని ఇంటనే ఉంచి, కడపటి గడియలో తీసికొనిపోయి, ఆ మరణమును మాస్కుమీదికి నెట్టుచున్నాము. వ్రేలికి పెట్టు ఆక్సిమీటరులో 90కి తక్కువ చూపినచో ప్రార్థనయు ప్రయాణమును కలిసి సాగవలెను. ఇంట ప్రాణవాయువు పెట్టుకొన్న రోగియొద్ద కొవ్వొత్తి గాని అగరువత్తి గాని బీడీ గాని వెలిగింపరాదు. ప్రాణవాయువు తగిలినచోట చిన్న నిప్పురవ్వ పెద్ద మంటయగును. సిలిండరు మూతికి నూనె గాని గ్రీజు గాని పూయరాదు.

వెల మాటకు వత్తము. వాయువు నింపువాని కూలి, లారీ నడుపువాని జీతము, రాత్రి మేలుకొను నర్సు కష్టము ఉచితము కావు. వాటికి వెల చెల్లించుట న్యాయమే. అయితే ఆ బరువంతయు ఊపిరాడక మంచముమీద పడియున్న ఒక్కని కుటుంబమే మోయుట న్యాయము కాదు. ఆరోగ్యముగా ఊపిరి పీల్చువారందరు పంచుకొనవలసిన బరువది. ప్రభుత్వమును అడుగుటయు, మన చందాలో కొంత తీయుటయు రెండును చేయవలెను.

దాతలు యంత్రమిచ్చిన దినమున పూలదండ వేసి ఫోటో తీయించుకొందుము. తరువాత దాని ఫిల్టరు కడుగువాడెవడు? మీ ఊరి ఆరోగ్య కేంద్రములో గాని సంఘ గదిలో గాని అట్టి యంత్రము మూలపడియున్నచో, ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇద్దరు యౌవనస్థులు పోయి, అక్కడి నర్సమ్మగారిని అడిగి, ఆమె ఎదుట ఒకసారి స్విచ్చి వేసి చూడుడి. పనిచేసినచో స్తోత్రము చెల్లించుదము. పనిచేయనిచో సోమవారమే బాగుచేయించుదము.