గౌతమి మాటయు బోయవాని మాటయు

మరణమునకు కారణమెవరు అను ప్రశ్న భారతమున ఒక బాలుని శవము ప్రక్కన పుట్టినది. బంధువధచే కుమిలిపోవుచున్న ధర్మరాజునకు అనుశాసనిక పర్వమున భీష్ముడు గౌతమి కథ చెప్పెను. గౌతమియను వృద్ధ బ్రాహ్మణి కుమారుని పాము కరచెను. అర్జునకుడను బోయవాడు ఆ పామును బంధించి తెచ్చి, దీనిని ఎట్లు చంపవలెనో చెప్పుమని ఆమెనడిగెను. తాను స్వతంత్రను కానని, మృత్యువు ప్రేరేపింపగా కరచితినని పాము మొరపెట్టుకొనెను. మృత్యువు వచ్చి తన్ను కాలుడు ప్రేరేపించెననెను. కాలుడు వచ్చి, బాలుని కర్మమే అతని మరణమునకు కారణమనెను. గౌతమి ఆ మాటను అంగీకరించి, తన పుత్రశోకము సైతము తన కర్మఫలమేయని పలికి పామును విడిపించెను.

2014 జూలై 24వ తేది ఉదయము మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద, కాపలాలేని రైలు గేటును దాటుచున్న పాఠశాల బస్సును నాందేడు నుండి సికిందరాబాదు పోవు ప్యాసింజరు బండి ఢీకొనెను. పదిమందికి పైగా పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశమునందలి కుశీనగర్ జిల్లాలో అట్టి గేటు వద్దనే పాఠశాల వాహనమును రైలు ఢీకొని 13 మంది పిల్లలు మరణించిరి. ఇట్టి వార్త వినినపుడెల్ల ఇంటింటను వినవచ్చు మాటలు కొన్ని గలవు. వ్రాత అట్లున్నదందురు, భూమిమీద నూకలు చెల్లినవందురు, కర్మమెవరికి తప్పునందురు. గౌతమి పలికినదియు ఇదియే గదాయని తోచవచ్చును.

కాని పలికినవారెవరో చూడవలెను. గౌతమి తల్లి. పోయినవాడు ఆమె కుమారుడు. ఆ మాట వలన ఆమె ద్వేషము శమించినది, ఒక ప్రాణి బ్రతికినది. అదే మాటను త్రోవన పోవువాడు పలికినచో ఏమగును? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట నిలిచి, ఇది నీ బిడ్డ పూర్వజన్మ కర్మమని చెప్పువానికి ఆ బిడ్డ పూర్వజన్మ మెట్లు తెలిసినది? ఇక బండి నడిపినవాడో, గేటు మూయవలసినవాడో, అచట కాపలా నియమింపవలసిన పెద్దలో ఆ మాటను పలికిరేని అది వేదాంతము కానే కాదు, తప్పించుకొనుట మాత్రమే. కర్మసిద్ధాంతము తన దుఃఖమును తాను సహించుటకు ఏర్పడినది గాని, పరుని దుఃఖమునకు తీర్పు చెప్పుటకు గాదు.

గీతలో పదునెనిమిదవ అధ్యాయమున కర్మమునకు ఐదు హేతువులు చెప్పబడినవి. అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. జనులు మొదటి నాలుగింటిని విడిచి ఐదవదానినే పట్టుకొందురు. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఈ దైవమును అంతర్యామియగు పరమాత్మగా వ్యాఖ్యానించి, వెంటనే ఒక ఆక్షేపమును తామే లేవదీసిరి. అంతయు పరమాత్మాధీనమైనచో ఇది చేయుము, ఇది మానుము అను శాస్త్రమునకు అర్థమేమి? దేహేంద్రియములను, వానిని నడుపు శక్తిని ప్రసాదించినవాడు పరమాత్మయే. ప్రయత్నమునకు పూనుకొనువాడు మాత్రము జీవుడు. ఆ పూనికను చూచి భగవంతుడు అనుమతి నొసగునని సమాధానము. పెద్ద బండరాతిని పలువురు కలసి కదల్చునపుడు అందరును హేతువులే యైనను, ప్రతియొక్కనికిని విధినిషేధములు తప్పవని దృష్టాంతము కూడ అచటనే చూపిరి. రైలు గేటు వద్ద జరుగు మరణము అట్టి బండరాయి. పలువురి చేతులు దానిని కదల్చును.

ఆ చేతులలో మొదటిది కంటిచూపు చేయు మోసము. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనుకు సుమారు 28 మీటర్లు నడచును. కిలోమీటరు దూరమున కనబడినది 36 సెకన్లలో గేటు చేరును. అయినను ఎదురుగా, తిన్నగా వచ్చు మహాకాయము దూరమునుండి చూచువానికి కదలనట్లు, మెల్లగా వచ్చుచున్నట్లు తోచును. డ్రైవరు, ఇంకను చాల దూరమున్నదనుకొనును. ఇనుప పట్టాలపై ఇనుప చక్రము పట్టు తక్కువది గనుక, లోకో పైలటు బ్రేకు వేసినను వందలాది టన్నుల బండి కిలోమీటరుకు దగ్గరగా సాగిపోయి గాని నిలువదు. రెండు పట్టాల మార్గమున ఒక బండి దాటిపోగానే దాని వెనుక నుండి వేరొక బండి ఎదురు దిశనుండి వచ్చుటయు గలదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ విభాగము ఈ మోసమును ఎరిగియే విధించినది. కాపలాలేని గేటు వద్ద డ్రైవరు బండి నాపవలెను. కండక్టరు గాని క్లీనరు గాని దిగి పట్టాల వరకు నడచి, ఇరువైపుల చూచి, బండిని ముందుండి దాటింపవలెను. అట్టివాడు లేనిచో డ్రైవరే దిగి చూడవలెను. అరనిమిషపు పని. సారథికి ఇంతటి శ్రమ యేలయనువారు తిరువల్లిక్కేణిలోని పార్థసారథి ఉత్సవమూర్తి ముఖమును స్మరింపదగును. రథములోనివానికి తగులకుండ భీష్ముని బాణములను సారథియే ముఖముపై భరించెనని, ఆ గాయముల చిహ్నములే అచట కనబడుచున్నవని పెద్దలు చెప్పుదురు. తనవెనుక కూర్చున్నవాని ప్రాణమునకు తన దేహమును అడ్డముంచుట సారథ్యము.

పెద్దల చేయియు ఇందు గలదు. 2012లో అనిల్ కకోద్కర్ అధ్యక్షతన గల సంఘము లెవెల్ క్రాసింగులన్నిటిని ఐదేండ్లలో తొలగింపవలెనని సిఫారసు చేసెను. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని గేట్లు పూర్తిగా తొలగుట 2019 జనవరికి జరిగినది. మాసాయిపేట, కుశీనగరము ఆ నడుమనే వచ్చినవి.

కాపలా యున్నంత మాత్రమున కథ ముగియలేదు. సిగ్నలుతో ముడిపడిన గేటు వద్ద, గేటు మూయనిదే బండికి సిగ్నలు రాదు. ఆ ముడి లేని గేట్ల వద్ద కాపలాదారు టెలిఫోనులో స్టేషను మాస్టరునకు, గేటు మూసితినని ఒక సంఖ్యతో చెప్పవలెను. ఆ మాటపైననే బండి కదలును. 2025 జూలై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మంకుప్పము వద్ద అట్టి గేటుననే పాఠశాల వాహనమును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించిరి. గేటు మూయలేదన్న ఆరోపణపై కాపలాదారు అరెస్టయ్యెను. సత్యమును గూర్చి ఉపన్యాసములు వినువారు, దినమునకు పలుమార్లు ఒక మారుమూల గుమటీలో ఒక మనుష్యుడు పలుకు ఆ చిన్న మాటను కూడ సత్యవ్రతములలో చేర్చుకొనవలెను. అందు వందల ప్రాణములు నిలిచియుండును.

ఇక భక్తులు తమను తాము అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి మిగిలినది. యాత్రకు పోవువారిలో కొందరు, మూసిన గేటు క్రింద తలవంచి దూరుదురు, స్కూటరును ప్రక్కకు ఒరగించి దాటింతురు, స్వామి చూచుకొనునందురు. ఇది శరణాగతియా? ప్రపత్తికి చెప్పిన అంగములలో మహావిశ్వాసమొకటి, నిజమే. దానికి ముందు ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము చెప్పబడినవి. స్వామికి ప్రియమైనది చేయుదునను సంకల్పము, అప్రియమైనది మానుట. మొదటి రెండింటిని గేటు కీవల విడిచి, విశ్వాసమును మాత్రము చేతబట్టుకొని దూరుట ఎట్టి ప్రపత్తి? మార్జాలకిశోర న్యాయము నవలంబించువారు సైతము, తల్లి నోట నున్న పిల్లిపిల్ల గింజుకొనదని మరువరాదు. తాను శేషుడనని, ఈ దేహము స్వామి సొత్తని నమ్మినవానికి, పది నిమిషముల తొందరకై పరుల సొత్తును పణమొడ్డు అధికారము లేదు.

ఈ విచారణలో అందరును మరచువాడు లోకో పైలటు. దూరమునుండియే వాహనమును చూచును. ఈల మ్రోగించును, బ్రేకు వేయును. ఆపై చేయదగినది లేదు. తప్పుకొనుటకు త్రోవ లేదు. గౌతమి కథలోని పామువలె స్వతంత్రను కానని నిజముగా పలుకదగినవాడు అచట నున్నవారిలో అతడొక్కడే. కాని ఆ మాట అతనికి నిద్ర తెచ్చి పెట్టదు. బండి నిలిచిన పిమ్మట దిగి వెనుకకు నడచి, జరిగినదానిని చూచి, తిరిగి బండి యెక్కి తరువాతి స్టేషనునకు నడపుకొని పోవలసినవాడు తరచు అతడే.