కల్యాణమునకు కొలత ఏది?

ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెండ్లి చేయవలెనని తెలుగువారు ముచ్చటగా చెప్పుకొందురు. ఈ మాటను వ్యయమునకు కొలతగా గ్రహించి, పందిరిని పెంచుటకై పొలమును అమ్ముకొనువారు కలరు. నిదానించి చూచినచో ఆకాశమును మించిన పందిరి లేదు, భూమిని మించిన పీట లేదు. ఆ రెండును వెల లేకుండ లభించునవే. అయినను ఊరి వెలుపలి మామిడితోటలో, దగ్గరి బంధువుల నడుమ బిడ్డ పెండ్లి జరిపింప దలచిన తండ్రిని చూచి లోకము "ఇదియు ఒక పెండ్లియేనా?" అని అడుగును. నలుగురు రాని పెండ్లికి గౌరవ మెక్కడిదని కొందరు, అప్పు తెచ్చిన వైభవములో ధర్మ మెక్కడిదని మరికొందరు వాదింతురు. ఈ సందేహము విచారింపదగినది.

వివాహమునకు కావలసిన దేమి? పాణిగ్రహణము, అగ్నిప్రదక్షిణము, లాజహోమము, సప్తపది మున్నగు క్రియలను గృహ్యసూత్రములు విధించినవి. రాతివలె స్థిరముగ నుండుమని వధువుచే సన్నికల్లు తొక్కింతురు. చుక్కలు పొడిచిన వేళ ధ్రువుని, అరుంధతిని చూపింతురు. అగ్ని, నీరు, పేలాలు, రాయి, నక్షత్రము - వీనిలో కొనవలసినది స్వల్పము. అరుంధతి యన్ననో, పైకప్పు లేని చోటనే కనబడును. 1955 నాటి హిందూ వివాహ చట్టము 7వ సెక్షను సైతము, సప్తపది ఆచారముగా గల వివాహము ఏడవ అడుగుతో సంపూర్ణమగునని చెప్పుచున్నది. అతిథు లెందరుండవలెనో సూత్రకారులును చెప్పలేదు, చట్టమును చెప్పలేదు.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయములో ఒక కల్యాణమండపము కలదు. అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) విరూపణ్ణ కట్టించిన ఆ ఆలయములో ఈ మండప మొక్కటి అసంపూర్ణముగ నిలిచిపోయినది. స్తంభములపై పార్వతీపరమేశ్వరులు, వారి పెండ్లికి విచ్చేసిన దేవతలు, మహర్షులు కొలువుదీరి యున్నారు. పైకప్పు మాత్రము లేదు. రాజధనమును అనుమతి లేక వెచ్చించెనను నింద రాగా, విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని జనులు చెప్పుకొందురు. ఈ కథలో గృహస్థునకు హెచ్చరిక కలదు. కల్యాణము కొరకే యైనను, లెక్క తప్పిన వ్యయము కన్నీటితో ముగియును. ఇక పైకప్పు లేనంతమాత్రమున ఆ ఆదిదంపతుల కల్యాణమునకు లోపము వచ్చినదా? ఆ మండపమునకు నేటికిని ఆకాశమే పందిరి.

అట్లని పెండ్లికి జనమే అక్కరలేదనరాదు. కణ్వాశ్రమ వనమున దుష్యంతుడు శకుంతలను గాంధర్వవిధిని చేపట్టెను. అచట చెట్ల నీడ కలదు, అనురాగము కలదు. సాక్షులు మాత్రము లేరు. కుమారుని వెంటబెట్టుకొని ఆమె రాజసభకు వచ్చిన నాడు, లోకాపవాదమునకు వెఱచిన రాజు ఆమెను ఎరుగనని పలికెనని భారతకథ. చివరకు అశరీరవాణియే సాక్ష్యము చెప్పవలసివచ్చెను. సాక్షి అనువాడు ఆడుబిడ్డకు రక్ష. అట్టివారు పదిమంది యైనను చాలును. విందు ముగియగానే చేయి కడుగుకొని పోవువారికంటె, రేపు ఆ దంపతులకు కష్టము వచ్చినపుడు గడప తొక్కి మంచిచెడ్డలు చెప్పగలవారే నిజమైన పెండ్లి పెద్దలు.

పట్టుచీరలకు పేరొందిన ధర్మవరములో ఈ ప్రశ్నకు మరియొక ముఖము కలదు. లేపాక్షి స్తంభములపై శిల్పులు చెక్కిన లతలు, పూవులు నేతగాండ్ర చేతిలో చీర అంచులైనవి. అచట పెండ్లిండ్ల కాలమే మగ్గమునకు పంటకాలము. 2020లో కరోనా వ్యాపించి, పెండ్లికి 50 మందికి మించరాదని కేంద్రప్రభుత్వము నిబంధన విధించిన దినములలో చీరలు అమ్ముడుపోక మగ్గములు మూలబడినవి. చిన్న పెండ్లి యన్న మాట నేతగానికి గుబులు పుట్టించుట సహజము.

కావున ఏది తగ్గించవలెనో తెలియవలెను. తెల్లవారుసరికి వాడిపోవు వేదిక అలంకరణమును తగ్గించిన ఎవరికిని లోటు రాదు. పైగా ఇంటికి అప్పు తప్పును. నేతగాని శ్రమ, వంటవాని కూలి, మంగళవాద్యకారుల సంభావన తగ్గించినచో అది పరుల నోటి కూడు తీయుటయే. తల్లి పెండ్లిచీరను పెట్టెలో దాచి కూతురు కట్టుకొనును. విద్యుద్దీపముల తోరణమును ఎవరు దాచుకొందురు? మితము వేరు, లోభము వేరు.

పిలుపుల పట్టికకును ఇదియే న్యాయము. పేరులు కుదించునపుడు పేద మేనత్త పేరు ముందుగా కొట్టివేయబడి, పలుకుబడి గల పరిచయస్థుని పేరు మిగిలినచో, తోటలోని పెండ్లియు ఆడంబరమే యగును. దాని ఆకారము చిన్నది, అంతే. అక్షతలు వేయు చేతులలో ముడుతలు పడిన చేతులును, కాయలు కాచిన చేతులును ఉండవలెను.

పెండ్లినాటి సందడి ఒక పూటది, సంసారము నూరేండ్లది. పెండ్లి ముగిసిన మరునాడు ఆ యింట పొయ్యి వెలుగుటకు అప్పు అడ్డురాకున్న, పిలువబడనివారి ఉసురు తగులకున్న, పనిచేసిన వారు తృప్తితో ఇండ్లకు మరలిన, ఆ పెండ్లి కొలతకు నిండినదే. అట్టి దంపతులను దీవించుటకు దేవతలు పిలుపు లేకయే వత్తురు.