ఆప్తవాక్యం

మూత్రాశయ క్యాన్సర్ దాంపత్యాన్ని పరీక్షించే తీరు ఇతర క్యాన్సర్ల తీరుకు భిన్నమైనది. ఆ భేదం వ్యాధి తీవ్రతలో కంటే దాని కాలగమనంలోనూ, అది పట్టే చోటులోనూ ఉంది. రోగ నిర్ధారణ నాటికి సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో కణితి మూత్రాశయపు లోపలి పొరల దగ్గరే ఆగి, గోడలోని కండరంలోకి దిగకుండా ఉంటుంది. అటువంటి కణితిని మూత్రమార్గం గుండా పరికరం పంపి గీకి తీసివేస్తారు, దీనినే వైద్యులు టీయూఆర్‌బీటీ అంటారు. తీసివేశాక ఇక రాదని మాత్రం ఏ వైద్యుడూ పూచీ పడడు. మళ్ళీ మళ్ళీ పుట్టే స్వభావం గల వ్యాధి కనుక, మొదట్లో 3 నెలలకొకసారి సిస్టోస్కోపీ, అనగా సన్నని గొట్టం చివరనున్న కెమెరాతో మూత్రాశయం లోపలి భాగాన్ని చూసే పరీక్ష, చేయించుకుంటూ ఏళ్ళ తరబడి గడపవలసి వస్తుంది. మనిషి మంచాన పడడు, రోగం వదిలిపోదు. ఈ మధ్యస్థితిలో ఆలుమగలు ఒకరికొకరు ఏమి కావాలన్నది వైద్యం జవాబు చెప్పే ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నను పరిశీలించడానికి ఇద్దరు కల్పిత వ్యక్తులను నిలుపుకోవచ్చు: తర్కశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడైన భర్త, ఆయన పాఠాలను వంటగదిలోంచి నలభై ఏళ్ళు విన్న భార్య. కణితి తీయించుకున్న భర్తకు బీసీజీ చికిత్స నడుస్తున్నది. బీసీజీ అనగా పుట్టిన బిడ్డ ఎడమ భుజం మీద మచ్చ మిగిల్చే క్షయ టీకాయే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 13 ఏళ్ళు శ్రమించి బలహీనపరచిన సూక్ష్మజీవిని 1921లో మొదటిసారి మనిషికి ఇవ్వగా, 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం దానిని నేరుగా మూత్రాశయంలోకి ఎక్కిస్తే క్యాన్సర్ తిరిగి రావడం తగ్గుతుందని ప్రకటించింది. సూక్ష్మజీవి మీదికి లేచిన రోగనిరోధక శక్తి పక్కనున్న క్యాన్సర్ కణాల మీద కూడా పడుతుందన్నది దీనిలోని కిటుకు. వారానికొకసారి చొప్పున 6 వారాలు, ఆ తరువాత కొందరికి 3 ఏళ్ళ దాకా విడతలుగా, కాథెటర్ అనే గొట్టంతో మందు ఎక్కించి 2 గంటలు బిగబట్టుకోమంటారు. మందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు కనుక, తరువాతి 6 గంటలు కూర్చునే మూత్రం పోయమనీ, ప్రతిసారీ టాయిలెట్‌లో బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్ళు వదలమనీ చెప్పి పంపుతారు. వాదం ఆ బ్లీచింగ్ దగ్గరే మొదలవుతుంది.

భర్త: “అది పోయడం నా పని. నువ్వు ఆ దరిదాపులకు రావద్దు.”

భార్య: “వంగితే మంట అంటున్నారు, రాత్రి ఒళ్ళు కాలిపోయింది. ఇన్నేళ్ళూ మీ ఎంగిలి కంచాలు తీసినదాన్ని, ఇందులో కొత్తగా వచ్చిన తప్పేమిటి?”

భర్త: “కంచం ముందు కూర్చున్నవాడు ఇంటి యజమాని. ఇక్కడ కూర్చున్నవాడు రోగి. నీకు గుర్తుండిపోయేది ఈ రెండోవాడు కావడం నాకు ఇష్టం లేదు.”

దీనిని పురుషాహంకారమని తీసిపారేయడం సులభమే గాని న్యాయం కాదు. పెళ్ళినాటి ప్రమాణం ధర్మార్థకామాలలో తోడుండమన్నదే తప్ప దేహపు మాలిన్యాల ఊసు ఎత్తలేదు. వాటిని ఒకరి కంట ఒకరు పడనీయకపోవడమే మర్యాదగా ఎన్నో సంసారాలు సాగాయి. మందు వేయించుకున్న తరువాత వారం రోజులు కలయికలో కండోమ్ వాడాలన్న సూచన ఒకటి ఉంది. వయసు మళ్ళిన జంటకు అది చెప్పడానికి చెప్పేవారికీ సంకోచమే, వినేవారికీ సంకోచమే. మిగిలిన రోగాలలో భార్య నుదురు తడిమితే చాలు. ఈ రోగం మాత్రం ఆ మర్యాద గీసిన గీతకు అవతలే కాపురం పెడుతుంది.

భార్య: “నాకు కోపం రోగం వచ్చినందుకు కాదు. రక్తం పడుతున్న సంగతి మీకు దసరా నాడే తెలుసు, నాకు సంక్రాంతి దాకా తెలియదు. ఆ మూడు నెలలూ మనం ఒకే ఇంట్లో ఉన్నామా అని నా సందేహం.”

భర్త: “నొప్పి లేదు. రెండుసార్లు పడి ఆగిపోయింది. పైగా, చెబితే చూపించమంటావు. చూపించడం ఇష్టం లేక చెప్పడం మానేశాను.”

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడడమే ఈ వ్యాధికి సాధారణంగా తొలి గుర్తు; ఒకసారి కనిపించి చాలాకాలం కనిపించకుండా పోవచ్చు కూడా, అందుకే అది మనిషిని తేలికగా మోసం చేస్తుంది. అయితే భర్త మాటలో వైద్యపరమైన పొరపాటు కంటే లోతైన పొరపాటు ఒకటి ఉంది, అది తర్కం చెప్పినవాడు చేయదగినది కాదు: చెప్పడాన్నీ చూపించడాన్నీ ఆయన ఒకటిగా కట్టేశాడు. న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను, అనగా సరైన జ్ఞానాన్ని కలిగించే నాలుగు మార్గాలను ఒప్పుకుంటుంది. వాటిలో ప్రత్యక్షం ఇంద్రియాలకు తగిలినది, అనుమానం గుర్తును బట్టి నిర్ణయించినది, ఉపమానం పోలికను బట్టి తెలిసినది, శబ్దం ఆప్తుని మాట వలన తెలిసినది. ఆప్తుడు ఎవరన్నదానికి న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు చెప్పిన లక్షణంలో రెండు అంశాలున్నాయి: సంగతిని స్వయంగా ఎరిగి ఉండడం, ఎరిగినదానిని ఎరిగినట్టే తెలపాలన్న కోరిక ఉండడం. దేహంలోని నొప్పీ మంటా ఎరిగినవాడు రోగే కనుక మొదటిదానికి లోటు లేదు. సిగ్గు అడ్డుపడేది రెండోదానికి. అది తప్పిపోయాక భార్యకు మిగిలేవి ప్రత్యక్షానుమానాలే. అప్పటి నుంచి ఆమె విడిచిన బట్టలు తిప్పి చూస్తుంది, తలుపు వెనుక ఎంతసేపయిందో లెక్కపెడుతుంది, రాత్రి ఎన్నిసార్లు లేచాడో నిద్ర నటిస్తూ గమనిస్తుంది. ఆయన దేనిని తప్పించుకోవాలని నోరు మూసుకున్నాడో, ఆ చూపును తన మౌనంతోనే పిలిచి తెచ్చుకున్నాడు.

భార్య: “అయితే ఒక ఒప్పందానికి రండి. రంగు, మంట, జ్వరం, లేచిన లెక్క, ఇవి మీరు చెప్పాలి. చెప్పినంత కాలం నేను చూడను, అడగను, వెతకను.”

భర్త: “నా మాట మీద అంత నమ్మకం ఉంటుందా, దసరా సంగతి తరువాత?”

భార్య: “ఉండదు. మీరు చెబుతూ ఉంటే వస్తుంది. కాని జ్వరం 101 దాటి తగ్గకపోతే ఒప్పందం చెల్లదు. అప్పుడు మీరు వద్దన్నా లోపలికి వస్తాను, కారు పిలుస్తాను.”

ఈ మినహాయింపు ఆమె ఆత్రుత వలన పెట్టినది కాదు. అరుదుగానైనా బీసీజీ సూక్ష్మజీవి రక్తంలో చేరి దేహమంతా వ్యాపించవచ్చు, తగ్గని జ్వరం దానికి హెచ్చరిక. అటువంటి జ్వరంలో ఉన్న మనిషికి తన స్థితి తనకే సరిగా తెలియకపోవచ్చు కనుక, వాత్స్యాయనుని లక్షణంలోని మొదటి అంశమే అక్కడ తప్పిపోతుంది.

ఇక్కడ భార్యే రోగి అయి ఉంటే సంవాదం ఇలా నడిచేది కాదు. ఈ వ్యాధి స్త్రీలలో పురుషులలో కంటే చాలా తక్కువ. అందువల్లనే వారిలో రక్తం కనిపించినప్పుడు దానిని మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌గా భావించి మందులిచ్చి పంపడం, నిర్ధారణ ఆలస్యం కావడం తరచుగా జరుగుతుంది. చెప్పినా వినిపించుకోని చోట ఆప్తవాక్యం గురించి చర్చ ఎవరితో చేయాలి?

భర్త తరువాతి వాదం అపరాధభావం నుంచి వచ్చినది. “సిగరెట్టు నా చేత్తో నేను వెలిగించుకున్నది. ఫలం నాది. ఈ చాకిరీ నీకెందుకు?” దానికి భార్య, ప్యాకెట్టు అయిపోయినప్పుడల్లా కొట్టుకు పిల్లవాణ్ణి పంపినది తానేనని గుర్తుచేసి ఊరుకుంటుంది. పొగాకే ఈ వ్యాధికి అన్నిటికంటే పెద్ద కారణమన్నది నిజమే: పొగలోని విషాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరి, మూత్రపిండాలలో వడకట్టబడి, మూత్రంతో పాటు గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటాయి. కాని 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ మూత్రాశయంలో కణితులున్నట్టు ప్రకటించిన రోగులు రంగుల కర్మాగారపు పనివారు. కూలి కోసం చేసిన పనే వారిని పట్టింది. ఆ పనివాని భార్యను “నీకెందుకు ఈ సేవ” అని ఎవరూ అడగరు. సిగరెట్టు విషయంలో ఆ ప్రశ్న పుడుతున్నదంటే, రోగకారణంలోని తప్పొప్పులను బట్టి శుశ్రూషకు అర్హత తేలుతుందని లోలోపల ఒప్పుకున్నట్టే. ఆ సూత్రాన్ని ఒప్పుకుంటే ఏ ఆసుపత్రిలోనూ సగం మంచాల దగ్గర తోడు ఎవరూ ఉండనక్కరలేదు.

భర్త: “పోనీ, ఈ ఋణం ఎలా తీరుతుంది?”

భార్య: “యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పినది మీరు ఎన్నిసార్లు చెప్పలేదు? భర్త మీది ప్రేమ భర్త కోసం కాదు, ఆత్మ కోసమేనన్నాడు కదా. నా కోసం నేను చేసుకునేదానికి మీకు ఋణమేమిటి?”

భర్త: “అక్కడ ఆత్మ అంటే ఈ నువ్వూ నేనూ కాదు.”

శాస్త్రార్థంలో భర్తదే పైచేయి. ఆ సంవాదం ఉన్న బృహదారణ్యకోపనిషత్తు చెప్పే ఆత్మ ఏ ఒక్కరి సొంతమూ కాదు. అయినా భార్య చేసిన అర్థం ఇంట్లో పనికి వస్తుంది, ఎందుకంటే ఋణమనుకున్నవాడు తీర్చలేని ప్రతి రోజూ కుంచించుకుపోతాడు. యాజ్ఞవల్క్యుడు తన భార్యకు ఆ ఉపదేశం చేసినది ఆస్తి పంచి ఇల్లు విడిచి వెళ్ళబోయే వేళ అని కూడా గమనించాలి. రోగి పక్కన కూర్చున్న మైత్రేయి అడగగల ప్రశ్నలు ఆయనకు ఎదురు కాలేదు.

చెబితే చూడనన్న ఆ ఒప్పందానికి గట్టి పరీక్ష మరొకటి ఉంది. బీసీజీకి వ్యాధి లొంగకపోతే, లేదా కండరంలోకి దిగితే, మూత్రాశయాన్నే తొలగించమని సలహా ఇస్తారు. అప్పుడు తరచుగా చిన్న పేగులో ఒక ముక్కను మూత్రనాళాలకు కలిపి పొట్ట మీద స్టోమా అనే ద్వారం ఏర్పరచి, దానికి సంచి తగిలిస్తారు. అమెరికా శస్త్రవైద్యుడు యూజీన్ బ్రికర్ 1950లో వివరించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. చొక్కా కిందనే ఉండి, నిండుతూ, అప్పుడప్పుడు కారే సంచిని ఎప్పటికీ ఇంటి మనిషి కంట పడకుండా దాచడం సాధ్యం కాదు.

భర్త: “సంచి మార్చడం నేనే నేర్చుకుంటాను.”

భార్య: “నేనూ నేర్చుకుంటాను. నేర్చుకుని ఊరుకుంటాను, మీరు పిలిచేదాకా.”

భర్త: “అసలు ఆపరేషనే వద్దంటే?”

భార్య: “అనడానికి మీకు హక్కుంది, అది మీ ఒళ్ళు. కాని ఆ మాట నేను మొదటిసారి డాక్టరుగారి గదిలో వినకూడదు.”

భర్త: “ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అదీ చెప్పాలా?”

భార్య: “అదీ చెప్పాలి.”